వెలగని ఎర్ర లైటు చెప్పిన పాఠం

ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చిన నాలుగో రోజు ఢిల్లీ నుంచి ఇంటికి వచ్చాను. జాబితాలో నా నంబరు లేదు. ఇది మూడోసారి. ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ అన్నం పెట్టింది. నాయన "రైల్లో సీటు దొరికిందా" అని మాత్రం అడిగి, తువ్వాలు భుజాన వేసుకుని తోటకు పోయాడు. అరగంటలో తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి, "ట్రాక్టర్ మళ్లీ ఎత్తుకోలేదు. నెట్టడానికి ఇంకో మనిషి కావాల" అన్నాడు.

మాది అనంతపురం జిల్లాలో ఒక చీనీ తోట. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. చెట్ల కొమ్మలు కిందికి వాలి ఉంటాయి కాబట్టి పెద్ద ట్రాక్టర్ సాళ్ల మధ్య తిరగదు. అందుకే నాయన చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ట్రాక్టర్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దాని రంగు ఎప్పుడో వెలిసిపోయింది. సీటు చిరిగితే గోనెసంచి కప్పారు. ఇంజిన్ మాత్రం గట్టిది.

ఏడాదిన్నరగా దానికి ఒకటే జబ్బు. బ్యాటరీ నిలవదు. ఇప్పటికి రెండు కొత్త బ్యాటరీలు వేశారు, రెండోది అప్పు మీద. రాత్రి ట్రాక్టర్‌ను గట్టు పక్కన ఏటవాలులో నిలిపి, పొద్దున కిందికి దొర్లించి గేరులో క్లచ్ వదిలి స్టార్ట్ చేయడం అలవాటైపోయింది. డీజిల్ ఇంజిన్ ఒకసారి ఎత్తుకున్నాక ఆ పాత మోడళ్లకు కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ చచ్చినా సాయంత్రం దాకా పని చేస్తుంది. పని జరుగుతోంది కాబట్టి ఎవరూ జబ్బు మూలం దాకా పోలేదు.

జబ్బు కన్నా దాని వల్ల జరిగిన ఇంకో సంగతి పెద్దది. మా దగ్గర ఎనిమిదేళ్లు పనిచేసిన డ్రైవర్ అన్నను నాయన నాలుగు నెలల కిందట పని మాన్పించాడు. హెడ్‌లైట్లు ఆపకుండా వదిలేసి బ్యాటరీ పాడు చేస్తున్నాడని ఆయన అనుమానం. ఫోన్లో నాకు చెప్పినప్పుడు రుజువు కూడా చెప్పాడు. "నేను ఎరువు మూటలకు టౌనుకు పోయి వస్తే, మర్నాడు సెల్ఫ్ ఒక్క దెబ్బకు ఎత్తుకుంటాది. వాడు నాలుగు రోజులు తోటలో నడిపితే బ్యాటరీ పడిపోతాది. ఇంకేం సాక్ష్యం కావాల?"

అప్పుడు నేను చదువుల గదిలో ఉన్నాను. "నువ్వు చెప్పింది నిజమే నాయనా" అని ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు చేతిలో చదువు లేదు, ఖాళీ రోజులున్నాయి. నాకు ట్రాక్టర్ పని రాదు. బీటెక్ చదివాను కానీ అది సివిల్. ఊళ్లో బోరు మోటార్లు చుట్టే మామ దగ్గర మల్టీమీటర్ అడిగి తెచ్చుకున్నాను. జీఎస్ జవాబు రాసేటప్పుడు అలవాటైన పద్ధతే ఇక్కడా పాటించాను. తెలిసిన దాని నుంచి తెలియని దానికి, ఒక్కో మెట్టు.

మొదట బ్యాటరీ టెర్మినళ్లు. పచ్చటి తుప్పు పేరుకుని ఉంది. వేడినీళ్లు పోసి, బ్రష్‌తో రుద్ది, ఆరాక వ్యాజిలీన్ రాశాను. మీటర్ పెడితే 12.1 వోల్టులు. అంటే సగం ఖాళీ. ట్రాక్టర్‌ను దొర్లించి స్టార్ట్ చేసి మళ్లీ చూశాను. 12.0. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. అంటే బ్యాటరీ తప్పు కాదు, దానికి కరెంటే రావడం లేదు. ఒకదాని తర్వాత ఒకటి రెండు కొత్త బ్యాటరీలు కొన్నవాళ్లం, ఈ ఒక్క కొలత ఎప్పుడూ తీసుకోలేదు.

రెండోది ఫ్యాన్ బెల్ట్. బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపే దిగింది. ఇంజిన్ వేడెక్కుతోందని ఏడాదిన్నర కిందట నాయన దాన్ని మార్పించాడట. బాగానే ఉంది.

మూడోది ఆల్టర్నేటర్. మా ఊళ్లో దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. వెనక ఒక లావు తీగ, ఒక సన్న తీగ. లావు తీగ బ్యాటరీకి పోతుంది. అక్కడ మీటర్ పెడితే బ్యాటరీలో ఉన్నంత వోల్టేజీ కనిపించింది, అంటే తీగ తెగలేదు. ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి సన్న తీగ దగ్గర చూస్తే సున్నా.

అక్కడ ఆగిపోయి మామను పిలుచుకొచ్చాను. ఆయన ఆల్టర్నేటర్ వైపు చూడలేదు. సీటెక్కి కీ తిప్పి డ్యాష్‌బోర్డు వైపు చూశాడు. ఆయిల్ లైటు వెలిగింది. దాని పక్కన బ్యాటరీ బొమ్మ ఉన్న లైటు వెలగలేదు.

"ఈ లైటు ఎన్నాళ్ల నుంచి రాలేదప్పా?" అని అడిగాడు.

"అది రాలేదంటే మంచిదే కదా మామా, ఛార్జింగ్ బాగుందని" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇంజిన్ తిరిగేటప్పుడు రాకపోతే మంచిది. కీ తిప్పినప్పుడు రాకపోతే చెడ్డది" అన్నాడు.

ఆ ఒక్క మాట నా అవగాహనను తలకిందులు చేసింది. ఆయన నేల మీద పుల్లతో గీసి చూపించాడు. ఆ తర్వాత నేను చదివి సరిచూసుకున్నాను. మీకూ చెబుతాను.

ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించాలంటే లోపల తిరిగే చుట్టకు అయస్కాంత శక్తి ఉండాలి. ఆ శక్తి రావాలంటే చుట్టలోకి ముందుగా కొంచెం కరెంటు పోవాలి. ఇలాంటి పాత ఆల్టర్నేటర్లలో ఆ మొదటి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాటరీ నుంచి, కీ దాటి, ఈ ఎర్ర బల్బు గుండానే. అందుకే కీ తిప్పగానే బల్బు వెలుగుతుంది. ఇంజిన్ తిరిగి కరెంటు పుట్టడం మొదలయ్యాక ఆల్టర్నేటర్ తన చుట్టకు తానే కరెంటు ఇచ్చుకుంటుంది. అప్పుడు బల్బుకు రెండు వైపులా వోల్టేజీ సమానమై, అది ఆరిపోతుంది. ఆరిపోవడమంటే ఎవరో ఆపడం కాదు, రెండు వైపులా సరితూగడం.

అంటే ఆ బల్బు కేవలం తప్పు జరిగితే చెప్పే సాక్షి కాదు. దాని గుండా పోయే చిటికెడు కరెంటుతోనే అసలు పని మొదలవుతుంది. బల్బు లేకపోతే ఆల్టర్నేటర్‌లో మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంతమే దిక్కు. ఇంజిన్‌ను బాగా రేజ్ చేస్తే అది ఒక్కోసారి మేల్కొంటుంది, నెమ్మదిగా తిప్పితే మేల్కోదు.

నాయన చెప్పిన సాక్ష్యం అప్పుడు గుర్తొచ్చింది. టౌనుకు పోయేటప్పుడు రోడ్డు మీద ఫుల్ రేజ్‌లో గంటసేపు. బ్యాటరీ నిండుతుంది. తోటలో పేడ ఎరువు ట్రాలీతో సాలు సాలుకూ ఆపుతూ, డీజిల్ ఆదా కోసం ఇంజిన్ ఆర్పుతూ, మళ్లీ సెల్ఫ్ కొడుతూ, స్లోలో నడిపితే ఉన్నది కూడా ఖర్చవుతుంది. నాయన చూసినది నిజమే. తేడా మనిషిలో ఉందని తేల్చడమే తప్పు. తేడా ఇంజిన్ వేగంలో ఉంది. రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదని స్టాటిస్టిక్స్ పుస్తకంలో ఎన్నిసార్లు అండర్‌లైన్ చేసుకున్నానో. ఫోన్లో అడిగినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మామ సన్న తీగను ఊడదీసి, కీ ఆన్‌లో ఉంచి, ట్రాక్టర్ బాడీకి తాకించాడు. అప్పుడు బల్బు వెలగాలి. వెలగలేదు. ఆయిల్ లైటు వస్తోంది కాబట్టి ఫ్యూజు బాగుంది. మిగిలింది బల్బు, తీగ. డ్యాష్‌బోర్డు నాలుగు స్క్రూలు విప్పి వెనక్కి తిప్పాడు.

హోల్డర్ ఖాళీగా ఉంది. బల్బు మాడిపోలేదు, అసలు లేదు.

"దీన్ని ఎవరో పీకినారు" అన్నాడు మామ.

పీకింది నేనే.

రెండేళ్ల కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంజిన్ తిరుగుతున్నా ఈ లైటు ఆరడం లేదని డ్రైవర్ అన్న చూపించాడు. నేను సెల్ఫ్ కొట్టి చూసి, "బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది, లైటే తప్పు చూపిస్తోంది" అన్నాను. అదే రోజు మీటరు లోపలి బల్బు పోయి, రాత్రిపూట నాయనకు ముల్లు కనిపించడం లేదు. ఈ హోల్డర్‌లోంచి తీసి ఆ హోల్డర్‌లో పెట్టాను. ఒకే దెబ్బకు రెండు సమస్యలు తీరాయని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నిజానికి ఆ రోజు లైటు సరిగ్గానే చెప్పింది. బెల్ట్ వదులై జారుతోంది. కొన్ని నెలలకు ఇంజిన్ వేడెక్కితే ఆ బెల్ట్‌ను నాయన మార్పించాడు. లైటు చెప్పిన లోపం పోయింది, లైటును తీసేసిన లోపం మిగిలింది.

మర్నాడు టౌనులో బల్బు కొన్నాను. షాపతను మొదట ఎల్‌ఈడీ ఇచ్చాడు, ఎక్కువ కాలం వస్తుందని. మామ ముందే చెప్పి పంపాడు కాబట్టి తీసుకోలేదు. ఎల్‌ఈడీ గుండా పోయే కరెంటు చాలా తక్కువ, ఆల్టర్నేటర్‌ను లేపడానికి చాలదు. మామూలు ఫిలమెంట్ బల్బే, 12 వోల్టులు, 3 వాట్లు. పదిహేను రూపాయలు. పెట్టి కీ తిప్పితే ఎర్రగా వెలిగింది. దొర్లించి స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే ఆరిపోయింది. మీటర్‌లో 14.1. నాయన పక్కనే నిలబడి ఆ అంకెను చూశాడు. బల్బు పీకింది నేనని అప్పుడే చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాడు తాడిపత్రిలో బండల పాలిష్‌లో పని చేస్తున్నాడంట" అన్నాడు.

తాడిపత్రికి ఇద్దరం బైకు మీద పోయాం. డ్రైవర్ అన్న తెల్లటి రాతిపొడితో నిండిన చొక్కాతో బయటికొచ్చాడు. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"కీ తిప్పినప్పుడు ఆ లైటు ఎలగల్ల అని మీ నాయనకు రెండుసార్లు చెప్పినాను గదప్పా" అన్నాడు. "నా తప్పు కప్పిపుచ్చుకోడానికి చెప్తున్నా అనుకున్నాడు. నువ్వు ఇంజినీరువి, నువ్వు తీసినాక నా మాట యాడ నిలుస్తాది?"

నాయన ఆయన చెయ్యి పట్టుకుని, "మళ్లీ రా" అన్నాడు. "ఇక్కడ కూలి బాగుంది, పిల్లోళ్లు ఇక్కడే బళ్లో చేరినారు" అన్నాడు అన్న. కోపంగా అనలేదు. టీ తాగించి పంపించాడు. పదిహేను రూపాయల బల్బును తిరిగి పెట్టగలిగాం కానీ, ఎనిమిదేళ్ల నమ్మకాన్ని తిరిగి పెట్టలేకపోయాం.

ఆ రాత్రి నిద్ర పట్టక నా ఎథిక్స్ నోట్సు తీశాను. జవాబుదారీతనం, పారదర్శకత అనే పేజీలు. అన్నీ నాకు కంఠతా వచ్చు. వాటిని నేను ఇంతకాలం బయటి నుంచి ప్రభుత్వాన్ని చూసే కళ్లు అనుకున్నాను. కానీ అవి వ్యవస్థ తీగల్లోనే భాగం. మూడు ఉదాహరణలు ఈ కోణంలో మళ్లీ చదివాను.

మొదటిది 1943 బెంగాల్ కరువు. అప్పటికే ఫామిన్ కోడ్ ఉంది. కరువు ప్రకటిస్తే సహాయం అందించడం ప్రభుత్వ బాధ్యత అవుతుంది. బెంగాల్ ప్రభుత్వం ఆ ప్రకటనే చేయలేదు. లైటు వెలగలేదు కాబట్టి సహాయ యంత్రాంగం కదలలేదు. లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది ఆగస్టులో కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ వీధుల్లో ఆకలితో పడి ఉన్నవాళ్ల ఫొటోలు అచ్చు వేశాకే ప్రపంచానికి తెలిసింది. స్వేచ్ఛగా పనిచేసే పత్రికలు, ఎన్నికలు ఉన్న ప్రజాస్వామ్యంలో పెద్ద కరువులు రావని అమర్త్యసేన్ వాదించినది ఈ అనుభవాన్ని కూడా దృష్టిలో పెట్టుకునే. పత్రిక ధాన్యం పండించదు. కానీ ఉన్న ధాన్యం కదలడానికి కావలసిన మొదటి కరెంటు దాని గుండా పోతుంది.

రెండోది సత్యేంద్ర దూబే. స్వర్ణ చతుర్భుజి రహదారి పనిలో ఇంజినీరు. అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాస్తూ తన పేరు రహస్యంగా ఉంచమని కోరాడు. పేరు ఉత్తరంతో పాటే ఫైళ్లలో తిరిగింది. 2003 నవంబర్‌లో గయలో ఆయన హత్యకు గురయ్యాడు. కేసు తర్వాత ఏ మలుపులు తిరిగినా, రహస్యం కాపాడలేకపోవడం మాత్రం నిజం. 2004లో ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించారు. 2014లో చట్టమూ చేశారు. ఆయన పేరు చదివినప్పుడల్లా నేను "విజిల్ బ్లోయర్" అని మార్జిన్‌లో రాసుకునేవాడిని. ఇప్పుడు తాడిపత్రిలో రాతిపొడి చొక్కా గుర్తొస్తుంది. రెండూ సమానమని కాదు. చెప్పినవాడి మాటను పరీక్షించకుండా చెప్పినవాడినే అనుమానించే అలవాటు ఒకటే.

మూడోది మా జిల్లాదే. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ చట్టం 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. మన రాష్ట్రం దాన్ని మొదట్లోనే గట్టిగా చేపట్టింది. చిన్నప్పుడు మా ఊరి బడి ముందు మస్టరులోని పేర్లు, రోజులు, కూలి డబ్బులు గట్టిగా చదవడం నేను చూశాను. "నాకు అన్ని రోజులు రాయలేదే" అని ఒక అవ్వ లేచి నిలబడడం గుర్తుంది. తనిఖీని దొంగలను పట్టుకునే పనిగానే చూస్తాం. కానీ తన పేరు నలుగురిలో చదువుతారని తెలిసినప్పుడే ఆ అవ్వ మళ్లీ పని అడగడానికి వస్తుంది. నమ్మకం అనే చిన్న కరెంటు లేకపోతే పథకం అనే పెద్ద ఇంజిన్ తిరిగినా కరెంటు పుట్టదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి హెచ్చరికా నిజం కాదు. లైటు తీరును బట్టి లోపం వేరు. ఇంజిన్ తిరుగుతుంటే పూర్తిగా వెలిగితే బెల్టో, బ్రష్‌లో, రెగ్యులేటరో చూడాలి. మసకగా వెలిగితే లోపల ఒక డయోడ్ పోయి ఉండవచ్చు. కీ ఆపినా వెలిగితే డయోడ్ షార్ట్ అయి ఉండవచ్చు. కీ తిప్పినా వెలగకపోతే బల్బు, ఫ్యూజు, తీగ. పరీక్షించే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ తీగ పీకి చూడడం పాత డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటర్‌కు అలా చేస్తే డయోడ్లు కాలిపోవచ్చు. హెచ్చరికను గుడ్డిగా నమ్మనక్కర్లేదు. కొలవాలి. కొలవకుండా పీకేయడమే నేను చేసిన తప్పు.

ఇక నా సంగతి. ప్రిలిమ్స్ తర్వాత జవాబులు సరిచూసుకుంటే జీఎస్‌లో పర్వాలేదు. సీశాట్‌లో 60 దగ్గర ఆగాను. అర్హతకు 200లో 33 శాతం, అంటే కనీసం 66 కావాలి. ఇది నాకు ముందే తెలియాలి. జనవరిలో రాసిన రెండు సీశాట్ మాక్‌లలోనూ 60 చుట్టుపక్కలే వచ్చింది. రెండో దాని తర్వాత మాక్‌లు రాయడం మానేశాను. "బీటెక్ వాడికి సీశాట్ ఏంటి, ఆ టెస్టు సిరీస్ తప్పు" అనుకున్నాను. మార్కులు చూసినప్పుడు కలిగే బాధ పోయింది. చదువు సాఫీగా సాగుతోంది అనిపించింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది మరి.

మాక్ టెస్టు మన స్థాయిని చెప్పే కొలత మాత్రమే అనుకుంటాం. కానీ ఆ తక్కువ మార్కు తగిలినప్పుడే రేపు పొద్దున పుస్తకం తెరవాలనే కదలిక పుడుతుంది. దాన్ని తీసేస్తే బాధతో పాటు కదలిక కూడా పోతుంది.

నాలుగో ప్రయత్నం రాస్తున్నాను. ఈసారి ఆదివారం ఆదివారం ఒక సీశాట్ పేపరు, మార్కు ఎంతొచ్చినా గోడ మీద రాసి ఉంచుతున్నాను. నా మార్కుల్లో తప్పులు చూపించే మిత్రుడు ఒకడున్నాడు. వాడితో ఆరు నెలలుగా మాట్లాడలేదు. నిన్న ఫోన్ చేశాను.

నాయన ఇప్పుడు ట్రాక్టర్‌ను చదును నేల మీదే నిలుపుతున్నాడు. పొద్దున కీ తిప్పి, ఎర్ర లైటు వెలిగిందా అని చూసి, ఆ తర్వాతే సెల్ఫ్ కొడతాడు. కొత్తగా వచ్చిన డ్రైవర్ కుర్రాడికి మొదటి రోజే ఆ లైటు చూపించి, "ఇది రాకపోతే నాకు చెప్పు. నేను ఇనకపోతే మళ్లీ చెప్పు" అన్నాడు.

ఈ వారం సాధన కోసం మీరు కూడా ఒక వ్యాసం రాయండి: "హెచ్చరికను ఆర్పేసిన వ్యవస్థ తన శక్తినే ఆర్పేసుకుంటుంది." వెయ్యి పదాలు. ఉదాహరణలు రాజ్యాంగం నుంచి తీసుకోండి, చరిత్ర నుంచి తీసుకోండి. ఒక్కటి మాత్రం మీ ఇంటి నుంచి తీసుకోండి. రాయడానికి ముందు ఐదు నిమిషాలు ఆలోచించండి, మీరు పీకేసిన బల్బు ఏది, దాని వల్ల మాట పడ్డవాళ్లు ఎవరు అని.